చూపుడు వేలు

పంతొమ్మిదో పెట్టె దాకా అంతా సవ్యంగా నడిచింది.

ఉదయం నుంచి అద్దాల పెట్టెలు ఎత్తుతున్నారు. మొత్తం ఇరవై. ఒక్కోటి మనిషిన్నర ఎత్తు, తలుపంత వెడల్పు. కడుతున్నది ఆసుపత్రి, అద్దాలు దాని ముందు గోడకు. లారీ మీంచి లేపడం, ఐదో అంతస్తు దాకా తేవడం, అక్కడ బయటికి చాచిన ఇనుప తిన్నె మీద దించడం. ఒక్కో పెట్టెకు పదకొండు నిమిషాలు పడుతోంది. క్రేన్ నడిపే ఆవిడ నేలకు ముప్ఫై అయిదు మీటర్ల ఎత్తున, కేబిన్‌లో, రెండు చేతుల కింద రెండు పిడులతో కూర్చుని ఉంది. కిందివాళ్ళు ఆమెకు ఆకాశవాణి అని పేరు పెట్టారు. రేడియోలో ఆమె గొంతు పైనుంచి వస్తుంది, అవసరమైనంతే వస్తుంది, కింద ఎంత గోలగా ఉన్నా అదే స్థాయిలో వస్తుంది.

ఐదో అంతస్తు అంచున నిలబడి సంజ్ఞలిస్తున్నది ఆమె మరిది. అక్కడ గోడలు తొలిచే మిషన్ల మోతలో రేడియో మాట సరిగ్గా వినపడదు. అందుకని చివరి రెండు మీటర్లూ చేతుల భాషే. అరచేయి చాపితే ఆగు. చూపుడు వేలు కిందికి చూపి తిప్పితే దించు. పైకి చూపి తిప్పితే లేపు. మరిది చేతికి నారింజ రంగు తొడుగు ఉంటుంది, పైనుంచి వేలు వేలుగా కనిపించడానికి.

పెట్టె తిన్నెకు మూరెడు ఎత్తున ఆగింది. ఇద్దరు పనివాళ్ళు తాళ్ళు పట్టి లోపలికి లాగారు. పెట్టె పైఅంచు ఆరో అంతస్తు శ్లాబు కిందికి చేరింది. అప్పుడు నారింజ రంగు వేలు పైకి లేచింది, ఆడింది. ఆమె లేపింది.

జానెడు, అంతే. పెట్టె మూల శ్లాబుకు కొట్టుకుంది. శబ్దం కేబిన్ దాకా రాలేదు. తాళ్ళు పట్టినవాళ్ళు వెనక్కి దూకడం కనిపించింది. చెక్క పగిలి, లోపలి అద్దం ముక్కలై తిన్నె మీదికి జారింది. పెట్టె తాళ్ళు వదిలించుకుని బయటికి వచ్చి ఊగడం మొదలుపెట్టింది.

రేడియోలో సైట్ మేనేజరు గొంతు వినిపించింది. అందరూ వినే ఛానెల్ అది.

"ఏమ్మా, పైకెక్కగానే కళ్ళు నెత్తికెక్కాయా? ఆ అద్దాలు రావడానికి మూడు వారాలు పట్టింది, తెలుసా నీకు? ఎవరు కూర్చోబెట్టారు నిన్నక్కడ?"

అతని మాటల వెనక గోడ తొలిచే మిషన్ మోత కూడా వినిపించింది. ఆమె పిడుల మీంచి చేతులు తీయలేదు.

"బరువు ఇంకా గాల్లో ఉంది సార్. దింపాక మాట్లాడతాను."

పెట్టె కుడికి ఊగుతోంది. ఆమె కొక్కేన్ని దాని వెంటే కుడికి పోనిచ్చింది. పెట్టె ఆ కొసకు చేరేసరికి కొక్కెం సరిగ్గా దాని నెత్తిన ఉంది. ఊపు చచ్చింది. ఇంకోసారి ఎడమకు, ఇంత చాలు అన్నట్టు. తర్వాత పగిలిన పెట్టెను లారీ పక్కన నేల మీద, ఉన్న అద్దం ఉన్నట్టుగా దించింది. ఇంజన్ ఆపింది. నీళ్ళ సీసా మూత బిగించి సంచీలో పెట్టుకుని నిచ్చెన దిగడం మొదలుపెట్టింది. నూట పన్నెండు మెట్లు.

ఆమె దిగేలోపు మరిది మాట ముందే కిందికి చేరింది.

"నేను ఆపమని అరచేయి చాపాను. ఆవిడ లేపింది," అంటున్నాడు మేనేజరు ఎదుట. వదిన అనలేదు. ఆవిడ అన్నాడు. తొడుగు తీసి జేబులో కుక్కుకున్నాడు. తాళ్ళు పట్టిన ఇద్దరూ తాము పెట్టెనే చూస్తున్నామని, చెయ్యి చూడలేదని చెప్పారు. అది నిజమే. వాళ్ళ పని పెట్టెను చూడటమే.

పాతికమంది చుట్టూ మూగారు. వదినా మరుదుల మధ్య ఈ రచ్చ ఎటు పోతుందో చూద్దామని సిమెంటు కలిపేవాళ్ళు కూడా పారలు వదిలి వచ్చారు. ఆమె మరిది వైపు చూసింది. అతను ఆమె బూట్ల వైపు చూశాడు.

"వేలు పైకెత్తాడు. నేను లేపాను," అంది మేనేజరుతో.

"అంటే నీ మరిది అబద్ధమాడుతున్నాడంటావ్?"

"నేను చూసింది చెప్పాను సార్."

"ఆపరేటరు కార్డు ఇటివ్వు. ఎల్లుండి సేఫ్టీ ఆఫీసరు వస్తాడు. సంజ్ఞ చూసి కూడా లెక్క చేయలేదని ఆయన రాశాడంటే ఇక ఏ సైట్లోనూ కేబిన్ ఎక్కలేవు. అప్పటిదాకా స్టోర్లో కూర్చో."

ఆమె మెడలోని కార్డు తీసి, దాని తాడు చుట్టి, అతని చేతిలో పెట్టింది. పద్నాలుగేళ్ళుగా మెడలో ఉన్న కార్డు. తాడు ఉండే చోట చొక్కా కాలరు రంగు వెలిసి గీతలా ఉంది.

మూగినవాళ్ళు ఇంకాసేపు నిలబడ్డారు. ఏమీ జరగకపోయేసరికి చెల్లాచెదురయ్యారు.

స్టోర్‌కీపరు మాటల మనిషి. ఒంటరిగా ఉంటే బోల్టులతోనైనా మాట్లాడతాడని పేరు. మర్నాడు పొద్దున్నే ఆమెకు స్టూలు వేసి, కుప్పగా పడి ఉన్న సంకెళ్ళు చూపించాడు. బరువులు కట్టే ఇనుప కొలికులవి. ఆమె ఒక్కోటి తీసి, మేకు విప్పి, అరిగిందేమో గోటితో తడిమి, మంచివి ఎడమకు, చెడ్డవి కుడికి వేస్తోంది.

"ఇంకొకరైతే నిన్ననే వాడి జుట్టు పట్టుకుని సైటంతా తిప్పేవాళ్ళు," అన్నాడు.

"వాడికి జుట్టెక్కడుంది?"

స్టోర్‌కీపరు నవ్వాడు. మరిదికి ముప్ఫై దాటకముందే నడినెత్తి బయటపడింది.

"అది కాదు తల్లీ, నీకు కోపం రాదా?"

"వస్తుంది."

"ఎక్కడికొస్తుంది? నేనూ అక్కడే ఉన్నాను, నాకైతే కనపడలేదే!"

ఆమె ఒక సంకెల కుడికి వేసింది. ఇంకోటి తీసింది. ఆలోచించి చెప్పింది.

"పెట్టె ఊగుతోందనుకో. కొత్తవాళ్ళు ఏం చేస్తారు, భయపడి ఎదురు లాగుతారు. అది ఇంకా ఊగుతుంది. చూస్తూ కూర్చున్నా ఊగుతుంది. నాకు పని నేర్పినాయన ఒకటే చెప్పాడు. అది ఎటు పోతోందో చూసి నువ్వూ అటే వెళ్ళు, దాని కొసకు అది చేరేసరికి నువ్వు దాని నెత్తిన ఉండు. ఇంక ఊగడానికి దానికి దారుండదు."

"అంటే కోపం వస్తే దాని వెనకాలే పొమ్మంటావా? మా ఆవిడ పోయేది అట్లాగే కదా! గిన్నెలన్నీ సొట్టలు."

"వెనకాల కాదు. పైన. అది ఎక్కడికి పోవాలనుకుంటోందో ముందే చూసుకోవాలి. నా కోపం నిన్న ఎక్కడికి పోవాలనుకుందో తెలుసా? వాడి చెంప మీదికి. తర్వాత మేనేజరు మీదికి. తర్వాత ఇంటికెళ్ళి మా అత్త మీదికి, ఇలాంటి కొడుకును కన్నందుకు. అంతవరకూ వెళ్ళి చూశాను. అక్కడ నాకు కావాల్సిందేమీ లేదు."

"మరి ఆగిందా?"

"ఇంకా కొంచెం ఊగుతోంది," అని ఆమె సంకెల మేకు బిగించింది. "బరువెక్కువ కదా."

బయట ఇంకో సైటు నుంచి తెచ్చిన ఆపరేటరు ఇసుక లేపుతున్నాడు. అలికిడిని బట్టే ఆమెకు తెలిసింది, తొందరపడుతున్నాడని. లేవబోయింది. మళ్ళీ కూర్చుంది. పిడులు ఆమె చేతిలో లేవు. సంకెళ్ళున్నాయి. సాయంత్రానికి రెండు వందల పది చూసింది, పదిహేడు కుడివైపుకు పోయాయి. ఆ పదిహేడూ అప్పటిదాకా వాడకంలో ఉన్నవే. స్టోర్‌కీపరు నోట మాట రాలేదు. అతనికి అది కొత్త.

ఇంట్లో నలుగురూ ఒకే బల్ల మీద తింటారు: ఆమె, భర్త, అత్త, మరిది. భర్త బస్సు డ్రైవరు. ఆ సాయంత్రం చొక్కా కూడా విప్పకుండా వంటింటి గడపలో నిలబడ్డాడు.

"వాడు రానీ. ఈ రోజు వాడో నేనో తేలిపోవాలి. వదిన నోటికాడి కూడు తీస్తాడా? నువ్వు ఒక్క మాట చెప్పు, కాలరు పట్టుకుని కక్కిస్తాను నిజం."

"కాలరు చిరిగితే కుట్టేది అత్తయ్య. ఆవిడకు చూపు ఆనడం లేదు," అంది ఆమె ఉల్లిపాయ తరుగుతూ.

"నీకన్నీ వేళాకోళమే!"

"బరువు ఇంకా గాల్లో ఉందండీ. కింద మీరు పరుగులు పెట్టకండి."

ఆమె క్రేన్ ఎక్కిన పద్నాలుగేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో అతనికే లెక్క తెలియదు. చొక్కా విప్పడానికి వెళ్ళాడు.

మరిది వచ్చాడు. టీవీలో ఆట వస్తోంది. అత్త రొట్టెలు కాలుస్తోంది, మిగతా ముగ్గురూ తింటున్నారు. భర్త రొట్టెను తుంచుతున్న తీరుకి అత్త రెండుసార్లు దగ్గింది. చివరికి ఆవిడే పెనం దగ్గర నుంచి అడిగింది.

"చిన్నోడా, ఇంకెన్ని కాల్చను?"

మరిది టీవీ మీంచి చూపు తిప్పలేదు. నోట్లో ముద్ద ఉంది. కుడిచెయ్యి పైకి లేచింది. చూపుడు వేలు నిలబడింది, రెండుసార్లు ఆడింది. ఒక్కటే.

ఆమె చేతిలోని ముక్క కంచంలోకి జారింది.

అదే వేలు. అదే ఎత్తు, అదే ఊపు. నిన్న పంతొమ్మిదో పెట్టె గాల్లో ఉంది. మిగిలింది ఒక్కటి. ఎవరో ఎన్ని మిగిలాయని అడిగారు. వీడు చెప్పాడు.

మరిది ఇటు తిరిగాడు. వదిన తన వేలినే చూస్తోంది. వేలు నెమ్మదిగా కిందికి దిగి, బల్ల కిందికి పోయింది. అత్త రొట్టె తెచ్చి కంచంలో వేసింది. "నిన్నటి నుంచీ తిండి సరిగ్గా లేదు వీడికి," అంది ఎవరితోనో. భర్తకు ఏమీ తెలియలేదు. ఆటలో ఎవరో ఓడిపోయారు.

ఆమె ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇప్పుడు పట్టు దొరికింది. ఇక్కడే, ఇప్పుడే చెప్పొచ్చు. భర్త లేస్తాడు, అత్త ఏడుస్తుంది, వీడు ఒప్పుకుంటాడు. కోపం ఆ కొసదాకా వెళ్ళింది. ఆమె దాని వెంటే వెళ్ళింది. అక్కడ నిలబడి చూస్తే ఇంకోటి కనిపించింది. అది ఆమె చూడాలనుకోనిది.

వీడి తల టీవీ వైపు ఉంది. వేలెత్తినప్పుడు వీడు రొట్టెను చూడలేదు, పెనాన్ని చూడలేదు. నిన్న కూడా తల పెట్టె వైపు లేదు, లోపలికి తిరిగి ఉంది. అది కేబిన్‌లోంచి కనిపించింది.

తిండయ్యాక ఆమె బాల్కనీలో బట్టలు తీస్తుంటే మరిది వచ్చి తలుపు దగ్గర ఆగాడు.

"వదినా. రెండు తిట్టు. నువ్వు తిట్టకపోతే నాకు ముద్ద దిగడం లేదు."

"ఐదు రొట్టెలు దిగాయిగా."

అతను నవ్వబోయి మానేశాడు. "భయమేసింది వదినా. అందరూ నన్నే చూస్తున్నారు. నోట్లోంచి వచ్చేసింది. ఒకసారి అన్నాక ఇంక వెనక్కి ఎలా..."

"ఎవరడిగారు, ఎన్ని మిగిలాయని?"

అతను బాల్కనీ ఇనుప చువ్వను బొటనవేలితో రుద్దాడు.

"నాకు చెప్పకులే," అంది ఆమె. భర్త యూనిఫాం మడత పెట్టింది. "అది నీ చెయ్యి. దాని సంగతి నువ్వే చెప్పుకోవాలి. రేపు నిన్ను నేను ఏమీ అనను, వెనకేసుకునీ రాను. నా చేతి సంగతి నేను చెప్పుకుంటాను."

"నీ చేతికేమైంది?"

ఆమె బట్టల కుప్ప అతని చేతుల్లో పెట్టింది. "లోపల పెట్టు. మీ అన్నయ్య చొక్కా పైన ఉంది, నలపకు."

సేఫ్టీ ఆఫీసరు పొట్టి మనిషి. రేకుల గదిలో బల్ల ముందు కూర్చుని, ఫారం మీద గీతలు గీసుకుంటున్నాడు. మేనేజరు తెల్ల హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. మరిది గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రాత్రి నిద్రపోలేదని ముఖమే చెబుతోంది. కానీ దవడ బిగించి ఉంది. మాట తయారు చేసుకుని వచ్చాడు. వదిన వేలు అనగానే తాను అరచేయి అంటాడు. ఆవిడ ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు.

"సంజ్ఞ ఏమిటి?" ఆఫీసరు ఆమెను అడిగాడు.

"చూపుడు వేలు పైకి. ఆడింది."

"అంటే లేపమని."

"వేలు అలాగే ఉంది సార్. కానీ అది నాకిచ్చిన సంజ్ఞ కాదు."

ఆఫీసరు కలం ఆపాడు. మేనేజరు ముందుకు వంగాడు.

"వేలు లేచినప్పుడు మా మరిది తల బరువు వైపు లేదు. లోపలికి తిరిగి ఉంది. అది నాకు కనిపించింది. చూపు బరువు మీద లేనివాడి చెయ్యి ఏం చెప్పినా ఆపరేటరు ఆగిపోవాలి. అది రూలు. ఈ రూలు వీడికి నేర్పింది నేనే, మా వంటింట్లో, గరిటెకు తాడు కట్టి. పద్దెనిమిది పెట్టెలు సరిగ్గా దిగాయి. పంతొమ్మిదోదానికి నా కన్ను చూసింది, చెయ్యి ఆగలేదు. మావాడే కదా అనుకుంది. వాడి చెయ్యి ఎందుకు లేచిందో నాకు సంబంధం లేదు. ఆగకపోవడం నాది. అది రాసుకోండి."

గదిలో ఫ్యాను తిరుగుతోంది.

"ఇలా రాస్తే మీ మీదికి వస్తుందమ్మా."

"నాది నా మీదికే రావాలి కదా సార్. వాడిది రాకూడదు, అంతే."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంకేం, ఒప్పేసుకుంది," అన్నాడు.

మరిది గోడ వదిలి నిలబడ్డాడు. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. వాటికి ఎదురుగా ఎవరూ లేరు. తాడు అవతలివాళ్ళు వదిలేస్తే పట్టుకున్నవాడు తూలినట్టు, అతను ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేను అరచేయి చాపలేదు సార్."

ఆఫీసరు అతని వైపు తిరిగాడు.

"వేలే ఎత్తాను. ఎన్ని మిగిలాయని అడిగితే, ఒక్కటే అని చెప్పాను. అటు తిరిగి చెప్పాను. వదిన చెప్పింది నిజం."

"ఎవరడిగారు?"

మరిది చూపు తెల్ల హెల్మెట్ మీదికి పోయి అక్కడే ఆగింది.

"నేనా?" అన్నాడు మేనేజరు. "నేనెప్పుడు..." అని ఆగాడు. అతని కుడిచెయ్యి హెల్మెట్ మీద ఉంది. దాని వైపు చూసుకున్నాడు. "లిఫ్టులోంచి దిగాను. ఫోన్లో ఉన్నాను. కంపెనీ పెద్దాయన ఎప్పటికి అవుతుందని అడుగుతున్నాడు. నేను వీణ్ణి కేకేసి అడిగాను... వీడు ఇలా..." వేలు సగం లేపి, దించేశాడు. "ఫోన్లో ఒక్కటే సార్ అన్నాను. అప్పుడే చప్పుడైంది."

"బరువు దిగుతున్నప్పుడు మీరు సంజ్ఞలిచ్చేవాణ్ణి పలకరించారు," అన్నాడు ఆఫీసరు. ప్రశ్నలా అనలేదు.

"ఒక్క మాటే కదండీ."

"ఒక్క వేలే కదండీ."

ఆఫీసరు రాయడం మొదలుపెట్టాడు. నింపాదిగా రాశాడు. ఆపరేటరుకు వారం రోజులు కేబిన్ లేదు, కార్డు మాత్రం ఉంటుంది. సంజ్ఞలిచ్చేవాడికి మూడు వారాలు కార్డు లేదు, పని మళ్ళీ నేర్చుకుని పరీక్ష ఇవ్వాలి. ప్రతి అంతస్తులోనూ తిన్నె వెనక పసుపు గీత గీయాలి. బరువు గాల్లో ఉండగా ఎంతటివాడైనా ఆ గీత దాటకూడదు, పిలవకూడదు.

"నా పేరు కూడా రాస్తారా?" అడిగాడు మేనేజరు.

"మూడు చేతులు, మూడు పేర్లు," అని ఆఫీసరు కాగితం అటు తిప్పి కలం ఇచ్చాడు.

మేనేజరు సంతకం పెట్టాడు. సొరుగు లాగి కార్డు తీశాడు. ఆమెకు ఇవ్వబోతూ, తాడుకు పడిన ముడి చూసి, ముందు దాన్ని విప్పాడు. కొంతసేపు పట్టింది. ఆమె నిలబడింది.

"రేడియోలో ఆ రోజు..." అన్నాడు తల ఎత్తకుండా.

"కళ్ళు నెత్తికెక్కాయన్నారు. కొంత నిజమే సార్. చూసింది చేతికి చేరలేదు."

వెలుపలికి వచ్చాక మరిది ఆమె పక్కన నడిచాడు. స్టోరు దగ్గర అడుగు నెమ్మదించాడు.

"మూడు వారాలు ఇంట్లో కూర్చుంటే అన్నయ్య చంపేస్తాడు నన్ను."

"ఇంట్లో ఎందుకు కూర్చుంటావ్? స్టోర్లో సంకెళ్ళు ఇంకో నాలుగు వందలున్నాయి. గోటితో తడిమి చూడాలి. స్టోర్‌కీపరుకు వినేవాళ్ళు కావాలి."

"ఆయన మాటలు వినడం కన్నా అన్నయ్యే నయం వదినా!"

సైటులో మళ్ళీ వదినా అన్నాడని ఆమె గమనించింది.

నెల తిరక్కముందే కొత్త అద్దాల పెట్టె వచ్చింది. ఎత్తాల్సినవి రెండు: పగిలిందాని బదులు ఇది, ఆనాడు ఆగిపోయింది ఒకటి. మరిది పరీక్ష అయి నాలుగో రోజు.

మొదటి పెట్టె ఐదో అంతస్తు దగ్గరికి చేరింది. గాలి ఉంది. పెట్టె కాస్త ఎడమకు పోయింది, ఆమె కొక్కేన్ని దానితో పోనిచ్చి పైన నిలిపింది. తిన్నె మీద నారింజ రంగు తొడుగు. వేలు కిందికి తిరుగుతోంది. ఆమె దించుతోంది.

లోపలి నీడలోంచి తెల్ల హెల్మెట్ ఒకటి వచ్చింది. వస్తూ వస్తూ ఆగింది. దాని ముందు పసుపు గీత ఉంది. చెవి దగ్గర ఫోన్ ఉంది. ఆ మనిషి ఏమైనా అన్నాడో లేదో కేబిన్‌లోంచి తెలియదు. మరిది తల తిరగలేదు. వేలు తిరుగుతూనే ఉంది, నెమ్మదించింది, అరచేయి అయింది. పెట్టె కూర్చుంది. తాళ్ళవాళ్ళు గొలుసులు విప్పారు. కొక్కెం పైకి, ఖాళీగా, శ్లాబు దాటి వచ్చింది. అప్పటిదాకా తెల్ల హెల్మెట్ కదల్లేదు. ఫోన్ చెవి దగ్గరి నుంచి కిందికి దిగి ఉంది.

అప్పుడు ఆ మనిషి ఏదో అడిగినట్టుంది, మరిది వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ నడుము వెనక కట్టుకుని, నోటితో జవాబు చెప్పాడు.